సందేహాలు – సమాధానాలు: ‘అర’ అంటే సగమేనా?

ప్రశ్న: డేటాబేస్‌లో సమాచారం దాచడానికీ, వెతికి తీయడానికీ ప్రత్యేకంగా తయారుచేసిన యంత్రాల మీద వ్యాసం రాస్తున్నాను. ‘అర యంత్రం’ అని పేరు పెడితే, సగం యంత్రమా అని మిత్రులు ఆక్షేపించారు. ‘దత్తాంశనిధి నిర్వహణ యంత్రసాధనం’ అనాలా? – ఒక పాఠకుడు, కావలి

సమాధానం: మీ మిత్రుల తప్పేమీ లేదు. బడిలో బండి ఱను ఎత్తేసిన ఫలితమిది. అరగంట, అరసోలల్లో ఉన్నది సగం అనే ‘అర’. బీరువాలో, నగల పెట్టెలో ఉండేది ‘అఱ’. రెండూ పుట్టుకలోనే వేఱు. సరిహద్దులోని తడ దాటి చూడండి, తమిళంలో అరై అంటే సగం, అఱై అంటే గది. రాతలో ఈనాటికీ కలపరు. మలయాళంలో అఱ అంటే ధాన్యం దాచే గది కూడా. మన నెల్లూరి తిక్కన ప్రాసలో ర, ఱలను కలిపేవాడు కాదు. అద్దంకి ప్రోలయ వేమారెడ్డి కొలువులోని ఎఱ్ఱన పేరులోనే జంట ఱ ఉంది. దాన్నీ ‘ఎర్రన’ చేసేశాం! చెట్టుకుండేది వేరు, తేడాగా ఉండేది వేఱు. ఇంత సన్నని వివేకం ఉన్న భాషను మొద్దుబారుస్తున్నామని నా బాధ.

మీ యంత్రానికి ‘అఱ’ చక్కగా నప్పుతుంది. మామూలు కంప్యూటర్ డిస్కులోని డేటాను ప్రాసెసర్ దగ్గరికి మోసుకొచ్చి అక్కడ ఏరుకుంటుంది. 1970లో అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త స్లాట్నిక్ ఇంకో దారి చెప్పాడు. డిస్కు మీద డేటా ఉండే ఒక్కో వలయాన్ని ట్రాక్ అంటారు, దాన్ని చదివే భాగం హెడ్డు. ప్రతి ట్రాక్‌కూ ఒక హెడ్డు, దాని వెంటే వెతికే చిన్న సర్క్యూటు. డిస్కు ఒక చుట్టు తిరిగేసరికి ట్రాకులన్నీ ఒకేసారి గాలింపు పూర్తిచేసుకుంటాయి, కావలసిన రికార్డులే బయటికొస్తాయి. మందుల షాపులో అఱకొక మనిషిని నిలబెట్టినట్టు. 1984 నాటి టెరాడేటా కంపెనీ డేటాబేస్ యంత్రం డీబీసీ/1012, డేటాను అనేక ప్రాసెసర్లకు పంచి, ఎవరి వాటాను వాళ్లే వెతికేలా చేసింది. ఆ 1012 పది ఘాతం పన్నెండుకు గుర్తు, మన లెక్కలో లక్ష కోట్లు.

‘దత్తాంశనిధి నిర్వహణ యంత్రసాధనం’ మాత్రం వద్దు. అంత పొడుగు సమాసం చదివేసరికి పాఠకుడు యంత్రం సంగతే మరచిపోతాడు. ‘డేటాబేస్ మెషీన్’ అన్నా తప్పనను, అందరికీ తెలిసిన మాట. నేనైతే ‘అఱల యంత్రం’ అంటాను. అచ్చులో ‘అరలు’ అని పడినా బహువచనంలో సగమన్న భ్రమ అంతగా కలగదు కాబట్టి, ఇష్టం లేకపోయినా ఒప్పుకుంటాను.