ఆడ ఎలుకలను పక్కన పెట్టకు

చిరంజీవి మేనకోడలికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒత్తిడి, జ్ఞాపకశక్తి, నరకణాల మధ్య కబురు మోసే రసాయనం సెరటోనిన్ మీద ఎలుకలతో పని మొదలుపెడుతున్నావంటే ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ‘ఆడ ఎలుకలైతే ఎద చక్రంతో హార్మోన్లు మారుతుంటాయి, ఇబ్బంది, మగవాటితో కానిచ్చేయమంటున్నారు అత్తయ్యా’ అని రాశావు. వద్దమ్మా. ఆడవాటిని వదలకు.

నేను వదిలేశాను. ఒక ఆడ ఎలుకల గుంపు ఫలితాలు చెల్లాచెదురుగా కనిపిస్తే థీసిస్‌లోంచి తీసేశాను. పదవీ విరమణ తరువాత పాత నోటుపుస్తకాలు తెరిచి లెక్క వేస్తే, మగవాటి అంకెలూ అంతే చెదిరి ఉన్నాయి. వాటిని నేను ఏనాడూ అనుమానించలేదు. 2014లో 293 పరిశోధన పత్రాలను కలిపి పరిశీలించినవారు కూడా, ఎద దశ చూడకుండా పరీక్షించినా సరే, ఆడ చిట్టెలుకల్లో తేడాలు మగవాటికన్నా ఎక్కువేమీ లేవని తేల్చారు.

నీ ప్రశ్నకు ఆడవి మరీ అవసరం. ట్రేసీ షోర్స్ బృందం 1998లో చూపినది గుర్తుంచుకో. శబ్దం వినగానే రెప్ప మూయడం ఎలుకకు నేర్పుతారు. ముందురోజు ఒత్తిడికి గురైన మగవి ఆ పాఠం ఇంకా బాగా నేర్చుకున్నాయి, ఆడవి వెనకబడ్డాయి. అండాశయాలు తీసేసిన ఆడవాటిలో ఆ వెనకబాటు లేదు. సెరటోనిన్‌ను తిరిగి నరకణంలోకి లాక్కోకుండా ఆపే ఫ్లూఆక్సెటిన్‌ను ఎక్కువ రోజులు ఇచ్చినప్పుడు ఆడవాటిలో ఒత్తిడి చేసే ఆ నష్టం తప్పిందని అదే బృందం తరువాత చూపింది. మగవాటితోనే ఆగిపోయి ఉంటే ‘ఒత్తిడి నేర్చుకోవడానికి మంచిది’ అని రాసుకునేవాళ్ళం కదా!

ఎద చక్రం నాలుగైదు రోజులే. ఆ కొద్ది రోజుల్లో మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లోని ఒక భాగంలో, నరకణాల కొమ్మల మీద కబుర్లు అందుకునే ముళ్ళు 30 శాతం దాకా పెరిగి తగ్గుతాయి. ఆడ హార్మోను ఈస్ట్రోజెన్ ఇస్తే మెదడు కాండంలోని రాఫే అనే చోటి కణాల్లో సెరటోనిన్ తయారుచేసే ఎంజైము పెరుగుతుందని కోతుల్లో చూశారు. అందుకని దశను తుడిచేయకు, రాసిపెట్టు.

దశ తెలియడానికి రోజూ ఉదయం ఒకే వేళకు స్మియర్ తీయి, అంటే యోనిలోని కణాలను కడిగి స్లైడు మీదికి తీసుకో. గోరువెచ్చని సెలైన్ ఒకటి రెండు చుక్కలు చాలు. డ్రాపర్ కొన లోపలికి పోనివ్వకు. గర్భాశయ ముఖానికి తగిలితే ఎలుకకు దొంగ గర్భం వచ్చి రెండు వారాల దాకా చక్రం ఆగిపోతుంది. స్లైడు మీద గుండ్రటి, కేంద్రకం కనిపించే కణాలు గుంపులుగా ఉంటే ప్రోఈస్ట్రస్, ఎదకు ముందు దశ. కేంద్రకం లేని పొలుసుల్లాంటివి పరుచుకుని ఉంటే ఈస్ట్రస్, ఎద దశ. తెల్లకణాలే నిండి ఉంటే డైఈస్ట్రస్, ఎద లేని దశ. ప్రయోగానికి ముందు కనీసం రెండు చక్రాలు ఇలా చూడు. చేతికి అలవాటు కాని ఎలుకకు స్మియరే ఒక ఒత్తిడి. మగవాటినీ అంతే సేపు, అదే విధంగా పట్టుకో, లేకపోతే నువ్వు కొలిచేది నీ చేతిని. మనిషి మారినా తేడా వస్తుంది. మగవారి వాసనకే ఎలుకల్లో ఒత్తిడి హార్మోను పెరుగుతుందని 2014లోనే మరొక బృందం చూపింది. మొదటి నుంచి చివరి దాకా నువ్వే చేయి.

రక్తంలో సెరటోనిన్ కొలిచి మెదడు గురించి రాయకు. ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతం దాకా పేగుల్లోనే పుడుతుంది, అది మెదడులోకి దాటదు. ‘ఎలుకకు దిగులు తగ్గింది’ అనీ రాయకు. ఈత పరీక్షలో కదలకుండా తేలిన సెకన్లు ఇన్ని అని రాయి. దిగులు మనం చదివే మాట, అది చెప్పిన మాట కాదు.

ఎథిక్స్ కమిటీ దరఖాస్తులోనే ఆడవాటి సంఖ్య, దశలవారీగా ఎన్ని కావాలో చూపించు. మధ్యలో చేర్చుకోవడం కష్టం. మీ గైడుకు పై రెండు 2014 పత్రాలు ముందు చూపించు, వాదన తరువాత.

మొదటి వారం స్లైడ్ల ఫోటోలు నాకు పంపు. డైఈస్ట్రస్‌కు ముందు వచ్చే మెటీస్ట్రస్‌లో మూడు రకాల కణాలూ కలిసి ఉంటాయి, అక్కడే అందరం తడబడతాం. ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య