కాపలా కుక్క కీళ్ల నొప్పికి పీఆర్పీ, మూలకణ చికిత్స: తార విషయంలో నేను చూసింది

మామిడి తోట కాపలాకు ఉన్న మీ ఆరేళ్ల జర్మన్ షెపర్డ్ పొద్దున లేవగానే వెనక కాళ్లు బిగుసుకుపోయినట్టు నడుస్తున్నాడనీ, కాసేపు తిరిగాక సర్దుకుంటున్నాడనీ రాశారు. చూసిన డాక్టరు గారు పీఆర్పీ (కుక్క సొంత రక్తంలోని ప్లేట్‌లెట్లను చిక్కగా చేసి ఇచ్చే) ఇంజెక్షన్ గానీ మూలకణ (స్టెమ్ సెల్) చికిత్స గానీ చేయిద్దామన్నారనీ, అది చేయిస్తే వాడు మళ్లీ రాత్రి గస్తీ తిరగగలడా అనీ అడిగారు. నేను పశువైద్యుణ్ణి కాను. జిల్లా డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్‌గా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. పేలుడు పదార్థాలను పసిగట్టే తార అనే లాబ్రడార్ ఏడేళ్లు నా చేతి కింద పనిచేసింది. దాని ఎడమ మోచేతి కీలుకు రెండుసార్లు పీఆర్పీ చేయించాను. మొదటిసారి ఏ ఫలితమూ రాలేదు, రెండోసారి వచ్చింది. ఆ రెండింటి మధ్య తేడా ఎక్కడుందో తెలిస్తే మీ నిర్ణయం తేలికవుతుందని ఇంత వివరంగా రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట: ఈ ఇంజెక్షన్లు నొప్పినీ వాపునూ తగ్గించగలవు గానీ అరిగిన కీలును తిరిగి కొత్తది చేయలేవు. కాబట్టి నొప్పి తగ్గిన కుక్కను మీరు ఏ పనికి పంపుతారన్నది చికిత్స ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

పనిచేసే కుక్కలు నొప్పిని దాచుకుంటాయని అంటారు. నేను చూసినంతలో, పని ఎదురుగా ఉన్నప్పుడు వాటికి నొప్పి గుర్తే ఉండదు. వెతకమన్న మాట చెవిన పడగానే తార బస్టాండులో బెంచీల కిందా, సామాన్ల గదిలో అరల మధ్యా ఎప్పటిలాగే ముక్కు పెట్టి తిరిగేది. తేడా తెలిసింది జీపు దగ్గర. ఎక్కేటప్పుడు ఏమీ లేదు, దిగేటప్పుడు మాత్రం అంచున ఒక్క క్షణం ఆగి, నా మొహం వైపు చూసి, బరువంతా కుడి కాలి మీద వేసుకుని దిగేది. కుక్క ఒంటి బరువులో దాదాపు 60 శాతం నిలబడినప్పుడే ముందు కాళ్ల మీద ఉంటుందనీ, కిందికి దూకినప్పుడు ఇంకా ఎక్కువ పడుతుందనీ, అందుకే మోచేతి నొప్పి దిగేటప్పుడు బయటపడుతుందనీ తర్వాత డాక్టరు గారు వివరించారు. ఆ క్షణం పాటు ఆగడాన్ని నేను రెండు నెలలపాటు వయసు వల్లనే అనుకున్నాను. మీరు పొద్దుటి బిగుతును ఇంత త్వరగా పట్టుకోవడం మీ కుక్కకు నిజంగా మేలు చేసే విషయం.

పీఆర్పీ అంటే ఏమిటో క్లుప్తంగా చెబుతాను. డెంగీ వచ్చినప్పుడు మనమంతా లెక్కపెట్టుకునే ప్లేట్‌లెట్లే ఇక్కడి మందు. కుక్క మెడ దగ్గరి నరం నుంచి దాని రక్తమే కొంత తీసి, గడ్డకట్టకుండా మందు కలిపి, యంత్రంలో వేగంగా తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ద్రవాన్ని వేరు చేస్తారు. కుక్కకు మత్తు ఇచ్చి, జుట్టు గొరిగి, శుభ్రం చేసి, ఆ ద్రవాన్ని కీలు లోపలికి ఎక్కిస్తారు. గాయమైన చోట ప్లేట్‌లెట్లు విడుదల చేసే పదార్థాలు కణాల పెరుగుదలకూ వాపు తగ్గడానికీ తోడ్పడతాయి. కీలులో ఎముకల చివర్లను కప్పే నునుపైన పొరకు, అంటే మృదులాస్థికి, రక్తనాళాలు ఉండవు, అందువల్ల అది చర్మంలా తనంతట తాను మానలేదు. రక్తం చేరని చోటికి రక్తంలోని ఆ శక్తిని మనమే చేర్చడం ఈ చికిత్స వెనక ఉన్న ఆలోచన.

మా మొదటి ప్రయత్నం ఇక్కడే విఫలమైంది. శాఖ అనుమతి తీసుకుని నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేయించాం. ఎక్స్-రే తీశారు, కీలు అంచుల్లో ఎముక ముళ్లలా పెరిగిందని చూపించారు, అదే వారంలో ఇంజెక్షన్ ఇచ్చారు. ఆరు వారాలు గడిచినా జీపు దగ్గర తార తీరు మారలేదు. తర్వాత పశువైద్య కళాశాల శస్త్రచికిత్స విభాగానికి తీసుకెళ్తే, అక్కడి ఆచార్యులు అడిగిన మొదటి ప్రశ్న, రక్తం తీసిన రోజున ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయని. ఆ సంఖ్య మా దగ్గర లేదు, ఎవరూ చూడలేదు. ఆయన పరీక్ష చేయిస్తే 90 వేలు వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో మైక్రోలీటరు రక్తానికి సుమారు 2 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉంటాయి. కారణం ఎర్లీకియా, అంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరం. పిడుదులు మన ప్రాంతంలో ఏడాది పొడవునా ఉంటాయి, మా కెన్నెల్ గోడల పగుళ్లలోనూ ఉండేవి. ఈ జబ్బు ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది, కొన్ని కుక్కల్లో కీళ్ల వాపునూ తెస్తుంది. ప్లేట్‌లెట్లే తక్కువున్న రక్తం నుంచి ప్లేట్‌లెట్ల మందు తయారు చేయబోయామన్నమాట. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ నాలుగు వారాలు వాడాక తార నడక కొంత తేలికైంది. అంటే మేము అరుగుదల అనుకున్న నొప్పిలో కొంత భాగం జ్వరానిదే. మీది తోట, పిడుదులు అక్కడా ఉండవచ్చు. అందుచేత పూర్తి రక్త పరీక్ష, పిడుదుల జ్వరాల పరీక్ష చేయించకుండా పీఆర్పీకి ఒప్పుకోకండి.

మీ ప్రశ్నలో నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది ఎక్స్-రే ప్రస్తావన లేకపోవడం. జర్మన్ షెపర్డ్‌లో వెనక కాళ్ల బిగుతు అనగానే అందరికీ తుంటి కీలు పొందిక లోపం గుర్తుకొస్తుంది. చాలాసార్లు అదే నిజం కూడా. కానీ ఆ జాతిలో నడుము చివర, తోక మొదలు దగ్గర నరాలు నొక్కుకుపోయినా అచ్చం ఇలాగే నడుస్తాయి. మోకాలిలో ఎముకలను కలిపి ఉంచే పట్టీ (లిగమెంటు) కొంత తెగినా వెనక కాలు సరిగా మోపవు. కూర్చున్నప్పుడు ఒక కాలు మడవకుండా పక్కకు చాపుతున్నాడేమో గమనించండి, అలా చాపితే డాక్టరు గారు మోకాలిని తప్పక పట్టి చూడాలి. పూర్తిగా తెగిన లిగమెంటును ఏ ఇంజెక్షనూ అతికించదు, దానికి శస్త్రచికిత్సే దారి. వయసు మీరిన జర్మన్ షెపర్డ్‌లలో వెన్నుపాము క్రమంగా క్షీణించే జబ్బు ఒకటి ఉంది. అందులో నొప్పి ఉండదు, పాదాలు నేలకు రాసుకుని గోళ్ల పైభాగం అరిగిపోతుంది. మీవాడి గోళ్లు ఒకసారి చూడండి. వీటిలో ఏది ఉన్నా తుంటి కీలులోకి ఎంత మంచి పీఆర్పీ ఎక్కించినా డబ్బు పోవడం తప్ప ఫలితం ఉండదు. రాజేంద్రనగర్‌లోనో తిరుపతిలోనో పశువైద్య కళాశాల మీకు అందుబాటులో ఉంటే, ఖర్చు పెట్టే ముందు అక్కడ ఒక్కసారి చూపించుకోండి.

రెండోసారి తారకు పీఆర్పీ చేసింది జ్వరం తగ్గి, ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి వచ్చాక. మెలోక్సికామ్ వంటి నొప్పి మందులు ప్లేట్‌లెట్ల పనితీరు మీద ప్రభావం చూపవచ్చని రెండు వారాల ముందే ఆపించి, ఆ మధ్యకాలానికి వేరే నొప్పి మందు ఇచ్చారు. కీలులోకి వెళ్లే ద్రవంలో తెల్లకణాలు ఎక్కువగా ఉంటే వాపు రేగుతుందని వాటిని వీలైనంత తగ్గించి తయారు చేశారు. ఆ రాత్రీ మర్నాడూ తార అంతకుముందు కంటే ఎక్కువ కుంటింది. ఇది మామూలేనని ముందే చెప్పి ఉండకపోతే నేను భయపడేవాణ్ణి. అయితే మూడో రోజుకీ తగ్గకుండా కీలు వేడెక్కి, కాలు అసలు మోపకుండా, జ్వరం వస్తే అది కీలులో చేరిన ఇన్ఫెక్షన్ కావచ్చు, తెల్లవారేదాకా ఆగకూడదు. ఆ సమయంలో పొరపాటున కూడా ఇంట్లో మనం వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు వేయకండి. కుక్కల్లో అవి కడుపులో పుండ్లు తెస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

మార్పు నాలుగో వారంలో కనిపించింది. కనిపించిందని నాకు నేనే చెప్పుకోకుండా ఉండటానికి కళాశాలలో ఒక పద్ధతి నేర్పారు. వారానికొకసారి, అదే సిమెంటు దారిలో, పొద్దున అదే వేళకు, వదులైన గొలుసుతో నడిపిస్తూ పక్క నుంచీ ఎదుటి నుంచీ ఫోనులో వీడియో తీయాలి. రెండు ముందు కాళ్ల చుట్టుకొలతలూ దర్జీ టేపుతో కొలిచి రాసుకోవాలి, నొప్పి ఉన్న కాలిని వాడకపోతే కండ తగ్గుతుంది కనుక. ఇంత జాగ్రత్త ఎందుకంటే, 2012లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మందు లేని ఉత్త మాత్రలు ఇచ్చిన కుక్కలు కూడా బాగా నడుస్తున్నాయని చాలామంది యజమానులూ, కొందరు పశువైద్యులూ అన్నారు. కాలు నేల మీద మోపే బలాన్ని కొలిచే పలక మాత్రం మార్పేమీ లేదని చూపింది. మనకు కుక్క మీద ఎంత ప్రేమ ఉంటే అంత సులువుగా పొరబడతాం. మీరు చికిత్స చేయించినా చేయించకపోయినా ఈ వీడియో ఈ వారమే మొదలుపెట్టండి.

మూలకణాల విషయానికొస్తే, నేను చేయించలేదు గనుక అనుభవం చెప్పలేను. తార కోసం అడిగినప్పుడు తెలిసిన సంగతులు చెబుతాను. సాధారణంగా కుక్క ఒంట్లోని కొవ్వు కొంత మత్తులో తీసి, దాని నుంచి కణాలను వేరుచేసి కీలులోకి ఎక్కిస్తారు. అదే రోజు ఇచ్చే పద్ధతి ఉంది, కొన్ని వారాలు ప్రయోగశాలలో పెంచి ఇచ్చే పద్ధతీ ఉంది. ఆ కణాలు వెళ్లి మృదులాస్థిగా మారిపోతాయని కొందరు ప్రకటనల్లో రాస్తారు గానీ, అవి విడుదల చేసే సంకేత పదార్థాలు వాపును అణచడం వల్లనే మేలు జరుగుతోందని ఇప్పుడు ఎక్కువమంది భావిస్తున్నారు. 2007లో తుంటి కీలు అరిగిన 21 కుక్కల మీద, ఏ కుక్కకు ఏది ఇచ్చారో పరీక్షించే వారికి తెలియకుండా చేసిన అధ్యయనంలో, కణాలు ఎక్కించినవాటిలో కుంటడం తగ్గింది. 2013లో పీఆర్పీ మీద ఇలాంటి అధ్యయనమే 20 కుక్కలతో చేసి 12 వారాల తర్వాత మెరుగు చూశారు. ఫలితాలు ఆశాజనకమే, కానీ కుక్కల సంఖ్య చూడండి, గడువు చూడండి. ఎనిమిదేళ్ల తారకు మరోసారి మత్తు, కొవ్వు తీసే కోత అవసరం లేదని డాక్టరు గారూ నేనూ అనుకున్నాం. మీవాడికి ఆరేళ్లే కనుక మీ లెక్క వేరు కావచ్చు. అయినా పీఆర్పీతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం, దానికి కావలసింది కాస్త రక్తమే కాబట్టి.

ఈ అన్నిటికంటే తారకు ఎక్కువ మేలు చేసింది బరువు తగ్గించడం. 34 కిలోల నుంచి 29కి తెచ్చాను, అందుకు ఐదు నెలలు పట్టింది. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను ఒకే ఈతవాటిని జంటలుగా తీసుకుని, జంటలో ఒకదానికి 25 శాతం తక్కువ తిండి పెట్టి జీవితాంతం గమనించారు. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, రెండోవాటిది 11.2 ఏళ్లు. కీళ్ల అరుగుదల కూడా తక్కువ తిన్నవాటిలో చాలా ఆలస్యంగా వచ్చింది. తోటలో పనివాళ్లంతా తలా ఒక ముద్ద పెరుగన్నం పెడతారు. ప్రేమతోనే పెడతారు, వద్దనడం కష్టం. మా కెన్నెల్‌లో నేను చేసింది ఒకటే: రోజుకు కావలసిన తిండి పొద్దున్నే తూచి ఒక డబ్బాలో పోసి, ఎవరు పెట్టదలచుకున్నా అందులోంచే పెట్టమన్నాను. పక్కటెముకలు కంటికి కనిపించకపోయినా చేతికి తగలాలి, అది గుర్తు.

ఇక మీరు అడిగిన అసలు సంగతి, పని. రెండో పీఆర్పీ తర్వాత తార జీపు అంచున ఆగడం మానేసింది. నేను సంతోషపడ్డాను, పై అధికారులూ సంతోషపడ్డారు. పదో వారంలో వినాయక నిమజ్జనం బందోబస్తు వచ్చింది. సగం రోజు చాలని రాసిస్తే వాళ్లు ఒప్పుకునేవారే. నేనే రాయలేదు, కుక్క ఉత్సాహంగా ఉందని రెండు రోజులు పూర్తిగా తిప్పాను. మెట్లు, గుంతలు, లారీల మీదికి ఎక్కడం, దిగడం. మూడో రోజు పొద్దున అది లేవలేదు. నొప్పి తగ్గినంత మాత్రాన కండ తిరిగి రాదు, అరిగిన కీలు అరిగినట్టే ఉంటుంది, ఆగమని నొప్పి చేసే హెచ్చరిక కూడా లేనందున కుక్క తన హద్దు దాటిపోతుంది. ఆ తర్వాత తార మళ్లీ పూర్తి స్థాయి విధులకు రాలేదు. విరమణ ఇప్పించి ఇంటికి తెచ్చుకున్నాను. ఆ రెండు రోజుల గురించి ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

అందుచేత మీవాడికి చికిత్స ఫలించినా మొదటి రెండు వారాలు గొలుసుతో పది నిమిషాల నడకే, తర్వాత వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోవడం, మూడు నెలలు నిండేదాకా గట్టు దూకడం, కంచె వెంట పరుగు రెండూ లేకుండా చూడటం మంచిది. మాకు అప్పుడు ఇచ్చిన కాగితంలో ఉన్నది ఇదే, నేను పాటించనిదీ ఇదే. దగ్గరలో మెట్ల బావి గానీ ఒడ్డు వాలుగా ఉన్న కుంట గానీ ఉంటే ఈత కొట్టించండి, కీలు మీద బరువు పడకుండా కండ పెరుగుతుంది. రాత్రంతా తోట చుట్టూ తిరిగే పని మాత్రం వయసు తక్కువున్న మరో కుక్కకు అప్పగించి, వీణ్ణి గేటు దగ్గర, షెడ్డు అరుగు మీద గోనెసంచులు మందంగా పరిచి ఉంచండి. జర్మన్ షెపర్డ్ గొంతుకు అక్కడి నుంచి కూడా తోటంతా కాపలాయే, కొత్తగా వచ్చిన కుక్కకు ఎవరిని చూసి మొరగాలో నేర్పేదీ వాడే.