పంపు పాడైందా, పంపుకు కరెంటు అందడం లేదా?

ప్రశ్న: మా పెట్రోలు కారు మొన్నటిదాకా ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. నిన్న సెల్ఫ్ కొడితే ఇంజను తిరిగింది గానీ స్టార్ట్ కాలేదు. ట్యాంకులో పెట్రోలు ఉంది. మెకానిక్ చూసి ఫ్యూయల్ పంపు పోయిందని, మార్చక తప్పదని అన్నారు. మార్చే ముందు లోపం దానిదేనని తేల్చుకోవడం ఎలా?

జవాబు: పంపు తిరగడం లేదన్నంత మాత్రాన అది పాడైందని చెప్పలేం. ముందుగా, చుట్టూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు తాళం తిప్పి ఆన్‌లో పెట్టి, వెనుక సీటు దగ్గర చెవి పెట్టి వినండి. చాలా కార్లలో పంపు సుమారు రెండు సెకన్లు సన్నగా గుయ్యిమని ఆగుతుంది. ఆ శబ్దం వినిపించకపోతే ఫ్యూజు చూడండి. ఆ తరువాత, ఫ్యూజు పెట్టెలో పంపు రిలే (పంపుకు కరెంటు కలిపే స్విచ్) నంబరే గల మరో రిలే ఉంటే దాన్ని తీసి ఆ స్థానంలో పెట్టి చూడండి. కొన్ని కార్లలో ఢీకొన్నప్పుడు పంపును ఆపేసే స్విచ్ ఉంటుంది. పెద్ద గుంతలో పడిన కుదుపుకు కూడా అది ఆఫ్ అయిపోవచ్చు.

ఇవన్నీ సరిగా ఉంటే పరీక్ష పంపు కనెక్టరు దగ్గర జరగాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. మల్టీమీటరు దాదాపు కరెంటు లాగదు కాబట్టి, తుప్పు పట్టిన తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా అది 12 వోల్టులే చూపిస్తుంది. పంపుకేమో కొన్ని ఆంపియర్లు కావాలి. అందుకే కనెక్టరులోని పవరు, ఎర్తు తీగల మధ్య ఇండికేటరుకు వాడే 21 వాట్ల బల్బు తగిలించి, మరొకరిని తాళం తిప్పమనండి. బల్బు నిండుగా వెలిగితే లోపం పంపుదే. మసకగా వెలిగితే తీగల్లోనో ఎర్తులోనో అడ్డు ఉంది. కొత్త పంపు వేసినా అదే కథ. అసలు వెలగకపోతే సెల్ఫ్ కొడుతూ మళ్లీ చూడండి. అప్పుడూ వెలగకపోతే వైరింగునే కాక ఇమ్మొబిలైజరును (దొంగ తాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపేది), క్రాంక్ సెన్సరును (ఇంజను తిరుగుతోందని కంప్యూటరుకు చెప్పేది) కూడా అనుమానించాలి, ఎందుకంటే ఇంజను తిరుగుతున్న సంకేతం అందకపోతే కంప్యూటరు పంపును నడపదు.

ఈ పని గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయాలి. తాళం ఆఫ్‌లో ఉండగానే తీగలు కలపాలి, విడదీయాలి. పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి చిన్న నిప్పురవ్వ చాలు.

సెల్ఫ్ కొడుతుండగా ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా తడితే బండి స్టార్ట్ అయిందనుకోండి, పంపు మోటారు బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించేవి) అరిగాయని దాదాపు ఖాయం. ఇల్లు చేరడానికి పనికొస్తుంది, మరమ్మతు అనుకోకండి.

పంపు శబ్దం చేస్తూ కూడా ఇంజను అంటుకోకపోతే ప్రెషరు గేజి పెట్టించాలి. మామూలు ఇంజెక్షను ఇంజన్లలో పీడనం సాధారణంగా 3 నుంచి 4 బార్ల మధ్య ఉంటుంది. అంతకన్నా బాగా తక్కువగా ఉంటే ఫిల్టరును, రెగ్యులేటరును (పీడనాన్ని అదుపులో ఉంచేది) చూడకుండా పంపు మార్చనివ్వకండి. చివరికి మార్చాల్సే వస్తే, పాత కనెక్టరు పిన్నులు గోధుమరంగుకు మాడి ఉన్నాయేమో చూసి, మాడితే దాన్నీ మార్పించండి.