బుజ్జమ్మా, కాలవ మీదికి పోయేముందు

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. కావలిలో నువ్వు ప్లానింగ్ సెక్రటరీగా ఉన్న వార్డులో సైడు కాలవ మీదున్న ఆక్రమణలన్నీ వానలు దిగేలోపే తీయిస్తానని ఇంట్లో చెప్పావంట. వాడు భయపడుతూ చెప్పాడు, నేను గర్వపడుతూ విన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ భయమే నాకూ పట్టుకుంది. ఉద్యోగమంతా టౌన్ ప్లానింగులోనే చేసిన పెదనాన్న ఇంట్లో ఉండగా, ఇంత పని తలపెట్టే ముందు ఒక్కమాట అడగాలనిపించలేదా నీకు? సరే, అడక్కపోయినా చెప్తాను.

ఆ పని చెయ్యాల్సిందే. మనకు అసలు వాన అక్టోబరు నుంచే గదా. 2015 నవంబరులో నెల్లూరు వీధుల్లో నీళ్లెట్లా నిలబడ్డాయో నువ్వూ చూశావు. నీళ్లు పోవాల్సిన కాలవ మీద ఒకాయన మెట్లు కడతాడు, పక్కాయన ర్యాంపు పోస్తాడు, ఆ పక్కాయన శ్లాబేసి బంకు పెడతాడు. ఎవరిది వాళ్లకు చిన్నదే. వాన పడినప్పుడు మునిగేది మాత్రం దిగువ వీధి వాళ్లు.

టేపు, ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) నకలు, సర్వేయరు లేకుండా కొలతకు పోవద్దు. ఫొటోల మీద తారీఖు పడాలి. మీ సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీని, ఎమినిటీస్ సెక్రటరీని వెంట పెట్టుకో. తీయడం దిగువ నుంచి మొదలుపెట్టి ఎగువకు రావాలి. ఇవన్నీ ట్రైనింగులో చెప్పే ఉంటారు.

చెప్పనిది ఒకటుంది. నోటీసు.

నేను కొత్తగా చేరినప్పుడు పనిచేసిన ఊరు, పేరు రాయను. బజారులో ఒక కొట్టు వాళ్లు కాలవ మీదికి జరిపి అరుగు కట్టి, దాని మీద గోడ లేపడం మొదలుపెట్టారు. కొలిస్తే నాలుగడుగులు కాలవలోనే ఉంది. కేసు అంత తేట. ఆఫీసులో గుమస్తా ఇంటిపన్ను డిమాండ్ రిజిస్టరు తీసి, అందులో ఉన్న పేరు నోటీసు మీదికి దింపాడు. ఆ పేరుగలాయన అప్పటికి చనిపోయి రెండేళ్లు దాటింది. కొడుకులు కొట్టు పంచుకున్నారు గానీ పన్ను పేరు మార్పించుకోలేదు. పట్టుకుపోయినవాడు మధ్యాహ్నం ఎండలో మైదా జిగురు పూసి షట్టరుకు అంటించి వచ్చాడు. సాక్షుల్లేరు, పంచనామా లేదు. సాయంత్రం కొట్టు తెరవడానికి షట్టరు పైకి లాగితే కాగితం కూడా దాంతో పాటు చుట్టుకుని పైకి పోయింది. నోటీసు ఎవరూ చదవనేలేదు.

గడువు అయిపోయిందని గడ్డపారలతో పోయి అరుగు సగం కొట్టారు. మర్నాడే కొడుకులు కోర్టుకెళ్లారు, తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి. చచ్చిపోయిన మనిషికి నోటీసిచ్చి, బతికున్నవాళ్ల కొట్టు పగలగొట్టారన్నాడు వాళ్ల వకీలు. స్టే వచ్చింది. అది ఎత్తేయించుకోవడానికి కోర్టులో మేం వెయ్యాల్సిన కౌంటరు, అంటే జవాబు, ఫైలు ఒక సీటు నుంచి ఇంకో సీటుకు తిరుగుతుండగానే పగిలిన అరుగు మళ్లీ కట్టారు, గోడ లేచింది, పైన శ్లాబు పడింది.

ఆ ఏడు కార్తీకంలో వాన పట్టుకుంది. కొట్టు వెనక సందులో ఇస్త్రీ చేసుకుని బతికే ఒకామె ఉండేది. నేను పోయేసరికి ఇంట్లో మోకాటి లోతు నీళ్లు. ఊళ్లోవాళ్ల బట్టలన్నీ మూటలు కట్టి మంచం మీద పెట్టి, ఇస్త్రీపెట్టె ఒళ్లో పెట్టుకుని తనూ ఆ మూటల పక్కనే కూర్చుంది. నన్ను గుర్తుపట్టింది. “ఆ రోజు కొలుచుకుని పోయినారు గదయ్యా, మరి కాలవ తియ్యలేదేం?” అంది. కాగితం మీద పేరు తప్పు పడిందమ్మా అని ఆమెకెట్లా చెప్పేది?

కాబట్టి బుజ్జమ్మా, పన్ను రిజిస్టరులో పేరును నమ్మొద్దు. కరెంటు బిల్లు చూడు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఆస్తి లావాదేవీల పత్రం) తీయించు, పక్కింటివాళ్లను అడుగు. యజమాని పేరుతో పాటు స్వాధీనంలో ఉన్నవాళ్లకు కూడా అని రాయించు. అద్దెకున్నవాళ్లకు వేరే ప్రతి ఇవ్వు. చేతికిచ్చి సంతకం తీసుకో. తీసుకోనంటే ఇద్దరు స్థానికుల ముందు పంచనామా రాసి, షట్టరుకు కాదు, గోడకు అంటించి ఫొటో తియ్యి. రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపించు. మున్సిపాలిటీల చట్టం 228వ సెక్షను కింద ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) ఆర్డరు, వాళ్ల సంజాయిషీ, ఆ తర్వాతే దాన్ని ఖాయం చేసే కన్ఫర్మేషన్. సంజాయిషీ ఎంత పనికిమాలినదైనా దానికి జవాబు రాయకుండా కన్ఫర్మేషన్ పంపకండి. స్టేకు పోతారనిపించినవాళ్ల మీద హైకోర్టులో ముందే కేవియట్ (మన మాట వినకుండా స్టే ఇవ్వొద్దనే అర్జీ) వేయించమని కమిషనర్‌గారికి నోట్ పెట్టు. సంతకం ఆయనదే కావచ్చు, నోటీసు పట్టుకుని గడప ఎక్కేది నువ్వు.

సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న కూల్చివేతల మీద ఇచ్చిన తీర్పు చదివావా? 15 రోజుల గడువు, వాళ్ల వాదన వినడం, కూల్చేటప్పుడు వీడియో తీయడం, అన్నీ అందులో ఉన్నాయి. రోడ్డు, ఫుట్‌పాత్, నది, చెరువు లాంటి వాటి మీద కట్టినవాటికి ఆ నిబంధనలు వర్తించవని కూడా ఉంది. మీ ఆఫీసులో ఎవరో ఒకరు ఆ ముక్క పట్టుకుని నోటీసెందుకు, జేసీబీ పిలవండి అంటారు. వినొద్దు. అది కాలవ స్థలమో పట్టా స్థలమో తేలాల్సింది కొలతలో. తేలిందని నువ్వు అనుకుంటే చాలదు, కోర్టు ముందు నిలబడాలి.

తోపుడుబండ్ల వాళ్లను ఈ కట్టడాలతో కలిపి చూడకు తల్లీ. వాళ్లకు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్వే అయ్యి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా లేపకూడదు. తరలించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే, పాడైపోయేదైతే అడిగిన రోజే, మిగతావి రెండు పనిదినాల్లో తిరిగి ఇచ్చేయాలి. పొద్దున్నే ఇడ్లీ బండి పెట్టుకునే ఆడమనిషి తక్కెడో గ్యాసు పొయ్యో ఎత్తుకొచ్చి ఆఫీసు మూల పడేసేవాళ్లను చూశాను. నువ్వట్లా చేశావని వింటే మాత్రం నేను నీతో మాట్లాడను.

ఇంకోమాట, ఇది మీ అమ్మకు నచ్చదు. మీ చిన్నమామ ఇంటి ముందు ర్యాంపు కాలవ మీదే ఉంది, మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను. అది ముందు తీయించు. ఆయనకు నేను ఫోన్ చేసి చెప్తాను, కోపమొస్తే నా మీద రానీ. అది ఉండగా రెండో ఇంటి గడప తొక్కావంటే ఊరంతా దాన్నే చూపిస్తుంది. గుడి అరుగులు, విగ్రహాల దిమ్మెల జోలికి నీ అంతట నువ్వు పోకు. రాసి కమిషనర్‌గారికి పెట్టు, బందోబస్తు ఆయన అడుగుతారు.

నాకున్న భయం కూడా రాసేస్తున్నా. చీకటి పడ్డాక ఒక్కదానివే కొలతకు పోవద్దు. ఎవరైనా “మేడమ్, ఇంటికొచ్చి మాట్లాడుకుందాం” అంటే ఆఫీసుకు రమ్మను. జేసీబీ పనిచేసేటప్పుడు గోడకు దగ్గరగా నిలబడొద్దు. ఇంట్లో ముసలివాళ్లు, పసిపిల్లలు ఎవరూ లేరని నీ కళ్లతో చూసి, కరెంటు తీయించాకే చెయ్యి ఊపు. ఎవరైనా అరిస్తే తిరిగి అరవొద్దు, నీ నోరు నాకు తెలుసు. తిట్టిన తిట్టు కూడా పంచనామాలో రాసుకుని వచ్చెయ్యి.

ఈ ఏటితో నీ వార్డు కాలవ తేటపడినా, మళ్లీ పూడకుండా ఉండాలంటే పొద్దున పూట వీధిలో నడువు. ఇసుక, కంకర దిగిన ప్రతి ఇంటి ముందూ ఆగి ప్లాను అడుగు. పన్ను రసీదు చూపిస్తారు. రసీదు ప్లాను కాదని అక్కడే చెప్పు. పునాది దశలో ఆపితే వాడికి పోయేది ఇసుక, సిమెంటు. శ్లాబు పడ్డాక ఆపితే అప్పుచేసి కట్టినదంతా పోతుంది, వాడి ఉసురు నీకు తగులుతుంది.

మొదటి నోటీసు టైపు కాగానే, ప్రింటు తియ్యకముందే వాట్సాప్‌లో నాకు పంపు. పేర్లు, డోరు నంబర్లు, హద్దులు ఒకసారి చూసి చెప్తాను.

మీ పెదనాన్న
నెల్లూరు