ముందు కుమాసీ, ఆ తర్వాతే కోటలు

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి ఘానాలో తెమా దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. జనవరిలో మమ్మల్ని రమ్మంటున్నాడు. బీచ్‌లూ మాల్స్ చూడటానికి అంత దూరం దేనికి, అవి చెన్నైలోనే ఉన్నాయి. పాత చరిత్ర, నేత పనులు చూడాలని నా కోరిక. వారం రోజులు తిరగగలం. అబ్బాయేమో ‘ఒక్కరోజులో కోటలు చూసొచ్చేద్దాం, చాలు’ అంటున్నాడు. మా వారికి అరవై మూడేళ్లు. ఇద్దరం శాకాహారులం, అదో టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: అబ్బాయి ప్లానుకు ఒప్పుకోకండమ్మా. రాజధాని అక్రా నుంచి, కోటలున్న కేప్ కోస్ట్ సుమారు 150 కిలోమీటర్లు, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు, నిజమే. కానీ బానిసలుగా అమ్మిన మనుషుల్ని ఓడలెక్కించేదాకా బంధించిన ఆ కోటలోకి ఏమీ తెలియకుండా వెళ్తే గైడ్ చెప్పింది గంటసేపు విని, మనసు పాడు చేసుకుని బయటికొస్తారు, అంతే. అక్కడి మనుషులు ఎలాంటి రాజ్యాలు ఏలారో, ఏం నేశారో సముద్రం ఒడ్డున కనిపించదు. ముందు లోపలికి, అషాంతి ప్రాంతానికి వెళ్లండి. దాని ముఖ్యపట్టణం కుమాసీ. అక్రా నుంచి విమానంలో గంట కూడా పట్టదు. అక్కడినుంచి కారులో తీరానికి దిగి, కోటలు చూసుకుని అక్రా చేరండి.

టికెట్లు కొనేముందు అబ్బాయిని ఒక్క తేదీ కనుక్కోమనండి: అక్వాసిదాయె పండుగ ఎప్పుడు? 42 రోజులకోసారి, ఆదివారం నాడు వస్తుంది. ఆ రోజు కుమాసీలో మన్హియా ప్యాలెస్ ఆవరణలో అషాంతి రాజు ఒసెయ్ టుటు 2 కొలువుదీరతారు. 1999 నుంచి ఆయనే రాజు. డోళ్లు, కొమ్ము బూరలు, బంగారు నగలు, వరసగా పెద్ద పెద్ద గొడుగులు. మన చెన్నై ప్యారిస్ కార్నర్ నుంచి తిరుమలకు బయల్దేరే గొడుగుల ఊరేగింపు చూసినవారికి ఆ గొడుగులు పైకీ కిందికీ ఊగుతుంటే ఇట్టే నచ్చేస్తాయి. మీ వారంలో ఆ ఆదివారం పడేట్టు చూసుకోండి.

ప్యాలెస్ మ్యూజియం చిన్నదే, అయినా తొందరపడొద్దు. 1874లో ఇంగ్లీషు సైన్యం కుమాసీని దోచుకుని పాత రాజభవనాన్ని పేల్చేసింది. 1896లో రాజు ప్రెంపేను పట్టుకుపోయింది. 1900లో గవర్నర్ హాడ్జ్‌సన్ వచ్చి బంగారు పీఠం తెచ్చివ్వండి, దానిమీద నేను కూర్చుంటాను అన్నాడు. అది అషాంతి జాతి ప్రాణమని వాళ్ల నమ్మకం. రాజు కూడా దానిమీద కూర్చోడు. ఎజిసు రాణిమాత యా అసంతెవా ముందు నిలిచి యుద్ధం చేయించింది. ఓడిపోయాక ఆమెనూ సీషెల్స్ దీవులకు పంపేశారు. 1921లో అక్కడే పోయింది. ప్రెంపే 1924లో తిరిగొచ్చాడు. మీరు చూడబోయే మ్యూజియం ఆయన కోసం 1925లో కట్టిన ఇల్లే. దోచుకుపోయిన వస్తువుల్లో కొన్నిటిని లండన్ మ్యూజియాలు 2024లో ఇక్కడికి పంపాయి. ఇచ్చేశాయనుకునేరు, అప్పుగా! ఎవరి సొత్తు ఎవరు అప్పిస్తున్నారో గైడ్‌ను అడగండి, మంచి మాటలు వినపడతాయి. ఇంకోటి కూడా అడగండి: యుద్ధంలో పట్టుబడ్డవాళ్లను తీరానికి తెచ్చి అమ్మినవాళ్లలో అషాంతి రాజ్యమూ ఉంది. ఆ సంగతి దాటేస్తే కథ సగమే.

ఇక బొన్‌వైర్. కుమాసీకి దగ్గర్లోనే ఉన్న, కెంటె అనే గళ్ల గుడ్డ నేసేవాళ్ల ఊరు. మాది చీరాల నేతవాళ్ల కుటుంబం, కాబట్టి ఈ ఊరంటే నాకు పక్షపాతం. మా గళ్ల రుమాళ్లు ఒకప్పుడు మద్రాసు పేరుతో నైజీరియా దాకా వెళ్లేవి. బొన్‌వైర్ మగ్గం మన గుంట మగ్గంలా ఉండదు. నేతగాడు చెక్క చట్రంలో కూర్చుంటాడు. పడుగు అతని ముందు నేలమీద బారుగా సాగి ఉంటుంది, చివర బరువు పెట్టి లాగి ఉంచుతారు. అతను నేస్తున్నకొద్దీ ఆ బరువు మెల్లగా దగ్గరికి జరుగుతుంది. పడుగును పైకీ కిందికీ మార్చే తాళ్లు కాలి వేళ్ల మధ్య పట్టుకుంటాడు. అతని కాళ్ల వైపు చూస్తూ కాసేపు ఊరికే నిలబడండి. నేసేది నాలుగంగుళాల వెడల్పు పట్టీ మాత్రమే. అలాంటివి ఇరవైకి పైగా పక్కపక్కన కుడితే మగవాళ్లు భుజం మీదుగా కప్పుకునే గుడ్డ అవుతుంది. ఒక పట్టీలోని గడి పక్క పట్టీలోని గడికి సరిగ్గా కుదరాలి, పనితనమంతా అక్కడే. పూర్వం దిగుమతైన పట్టుగుడ్డల్ని విప్పి, ఆ దారంతో నేసేవారు. కొనేటప్పుడు తిరగేసి చూడండి. వెనక వైపు రంగు వెలిసినట్టుంటే అది అచ్చు గుడ్డ. పూర్తి గుడ్డ ఖరీదెక్కువ, ఒక పట్టీ కొనుక్కుంటే బ్యాగులో ఇమిడిపోతుంది.

అదే దారిలో ఎన్టొన్సోలో చెట్టు బెరడును ఉడికించి చిక్కటి నల్ల రంగు చేస్తారు. ఆనపకాయ బుర్ర ముక్కల్ని చెక్కి గుడ్డమీద అద్దుతారు. పూటలో అయిపోతుంది. ఉల్క పడి ఏర్పడ్డ బొసుంట్వి చెరువును టైముంటేనే చూడండి.

తీరంలో రెండు కోటలు, కేప్ కోస్ట్, ఎల్మినా. ఒకే రోజు రెండూ వద్దు, మనిషి తట్టుకోలేడు. ఎల్మినాను 1482లో పోర్చుగీసులు కట్టారు, 1637లో డచ్చివాళ్లు లాక్కున్నారు. కుమాసీ చూసి వెళ్లారు కాబట్టి ఎల్మినాలో ప్రెంపేను మొదట బంధించిన గది చూపిస్తే ఆయనెవరో మీకు తెలుస్తుంది. కేప్ కోస్ట్‌లో మగవాళ్లను కుక్కిన నేలమాళిగకు సరిగ్గా పైన ప్రార్థన మందిరం ఉండేది. ఆ బానిసల వ్యాపారంలో మనిషికి బదులుగా ఇచ్చిన సరుకుల్లో మన కోరమండల్ తీరంలో నేసిన నూలు గుడ్డలూ ఉన్నాయి. పులికాట్‌లో, మచిలీపట్నంలో డచ్చివాళ్లు కొన్న గుడ్డ యూరప్ చుట్టి గినియా తీరం చేరేది. నేతింట పుట్టినదాన్ని, ఈ మాట రాయకుండా ఉండలేను.

తిండికి భయం లేదు. వాచే అంటే జొన్నాకులతో వండిన అన్నం, అలసందలు. ‘రెడ్ రెడ్’ అంటే అలసందల కూర, వేయించిన అరటిపండు ముక్కలు. కూరలో చేప ఉందేమో అడగండి. పక్కన నల్లగా పెట్టే షితో కారంలో ఎండు చేపలు, రొయ్యలు కలుపుతారు, అది ముట్టుకోవద్దు. ఎడమ చేత్తో ఇవ్వడం అక్కడా తప్పే, మనకది చిన్నప్పటి అలవాటే.

అసలు టెన్షన్ ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే ఇక్కడ ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. అరవై దాటినవాళ్లకు ఆ టీకా విషయంలో జాగ్రత్త అవసరం, కాబట్టి మీ వారు ముందు మీ డాక్టరుతో మాట్లాడాలి. మలేరియా మాత్రలూ అప్పుడే అడగండి. జనవరిలో హర్మట్టాన్ గాలికి దుమ్ము ఎక్కువ, మాస్కులు పెట్టుకోండి.

ప్రశ్న: టింబక్టు మట్టి మసీదులు చూడాలని చిన్నప్పటి కల. ఒంటరిగా వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: వద్దు బాబూ. టింబక్టు ఉన్న మాలి దేశంలో 2012 నుంచి పరిస్థితి బాగోలేదు, టింబక్టు అప్పటినుంచీ యునెస్కో ప్రమాద జాబితాలో ఉంది. అదే తరహా మట్టి కట్టడం చూడాలంటే ఘానా ఉత్తరాన లరబంగ మసీదు ఉంది. తెల్లటి గోడల్లోంచి కర్రలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ముస్లింలు కానివారిని లోపలికి రానివ్వరు, బయటినుంచే చూడాలి. తమలే వరకు విమానం, ఆపైన కారు. పక్కనే మోలే పార్కులో ఏనుగులున్నాయి, ఒక రాత్రి అక్కడే ఉండేట్టు వెళ్లు.