పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్ విదేశాల్లో చేయాలంటే పొలిటికల్ సైన్సే చదివుండాలా? తర్వాత ఉద్యోగాలు ఎలా ఉంటాయి?

అలా ఏం లేదండి, ఇంజనీర్లు, డాక్టర్లు, లాయర్లు కూడా ఎంపీఏ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్) చేస్తారు. ఇది థియరీ కోర్సు కాదు, ప్రభుత్వ ఆఫీసులు, ఎన్జీవోలు నడపడం నేర్పే మేనేజ్‌మెంట్ డిగ్రీ అనుకోండి. బడ్జెటింగ్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, హెచ్‌ఆర్ మామూలే. చాలా చోట్ల చివర్లో క్యాప్‌స్టోన్ అని ఒకటుంటుంది, కొంతమంది టీమ్‌గా కలిసి ఏ సిటీ ఆఫీసుకో ఎన్జీవోకో నిజంగా ఉన్న సమస్య తీసుకుని, అంటే సిటీ బస్సుల ఖర్చు ఎక్కడ పెరిగిపోతోంది లాంటిది, లెక్కలు తవ్వి రిపోర్ట్ ఇచ్చి వాళ్ల ముందే ప్రజెంట్ చేయాలి. నన్నడిగితే డిగ్రీ మొత్తంలో అసలు పని నేర్పేది అదే.

డేటా, పాలసీ అనాలిసిస్ మీద ఇష్టం ఎక్కువైతే ఎంపీపీ, అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీ చూడండి, కాకపోతే కొన్ని యూనివర్సిటీల్లో రెండిటికీ పెద్ద తేడా ఉండదు, పేరు కాదు సిలబస్ చూడాలి.

అమెరికాలో ఎంపీఏ ఎక్కువగా 2 ఏళ్లు. సిరక్యూస్ యూనివర్సిటీ మాక్స్‌వెల్ స్కూల్లో 1924 నుంచే ఉంది, హార్వర్డ్ కెన్నెడీ స్కూల్లో అయితే అనుభవం ఉన్నవాళ్లకి ఏడాది మిడ్‌కెరీర్ ఎంపీఏ కూడా ఉంది. అక్కడ కోర్సుకి నాస్పా (ఇలాంటి కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉందేమో చూసుకోండి. బ్రిటన్ అయితే చాలావరకు ఏడాదే, బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు బాధ తప్పుతుంది గానీ అయిపోయాక 2 ఏళ్లు సొంత దేశంలో ఉండాలి.

ఉద్యోగాల దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు, అమెరికా ఫెడరల్ ఉద్యోగాలు దాదాపు అన్నీ సిటిజన్లకే, కాబట్టి ఎన్జీవోలు, కన్సల్టింగ్, అంతర్జాతీయ సంస్థల వైపు మొదటి సెమిస్టర్ నుంచే ఇంటర్న్‌షిప్‌లు వెతుక్కోండి.