బెర్గెన్‌లో ఒక్క రోజు, అమ్మగారి మోకాళ్లకు ఇబ్బంది లేకుండా

నమస్తే అండి. నార్వే ఉత్తర కొసనున్న కిర్కెనెస్ నుంచి ఓడలో వచ్చి బెర్గెన్‌లో దిగాక ఒక్క రోజే ఉందని, అమ్మగారికి మోకాళ్ల నొప్పులని, వాన కూడా పడుతుందేమోనని రాశారు. టెన్షన్ వద్దండి, ముఖ్యమైనవన్నీ రేవు చుట్టూనే ఉన్నాయి.

పొద్దున్నే తల పైకెత్తి ఫ్లోయెన్ కొండ వైపు చూడండి. శిఖరం కనిపిస్తే వెంటనే ఫ్లోయ్‌బానెన్ ఎక్కేయండి. 1918 నుంచి నడుస్తున్న కొండ రైలు అది. నిమిషాల్లో 320 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది, నడక బాధ ఉండదు. మబ్బు కమ్మి ఉంటే మాత్రం టికెట్ కొనకండి, ఆగండి.

మిగతా టైమంతా రేవు ఒడ్డునున్న పాత వర్తకుల వాడ బ్రిగ్గెన్‌కే ఇవ్వండి. 1702 అగ్నిప్రమాదం తర్వాత పాత పద్ధతిలోనే మళ్లీ కట్టిన చెక్క ఇళ్లవి. లోఫోటెన్ దీవుల్లో ఓడ మీంచి చేపలారబెట్టే కర్ర పందిళ్లు చూసే ఉంటారు కదా? అక్కడ ఉప్పు లేకుండా ఆరబెట్టిన ఎండుచేపే ఒకప్పుడు ఇక్కడున్న జర్మన్ వర్తకుల సరుకు. నిప్పంటుకుంటుందన్న భయంతో ఈ ఇళ్లలో పొయ్యి వెలిగించనిచ్చేవారు కాదు. వంటకీ చలికాచుకోవడానికీ వెనక విడిగా గదులుండేవి. అంత చలిలో ఆ వర్తకుల దగ్గర పనిచేసే కుర్రాళ్లు ఎలా పడుకున్నారో అని మా అమ్మ ఆ గోడల్ని తడుముతూ చాలాసేపు నిలబడిపోయింది.

సందుల్లో నేలంతా చెక్కే. తడిస్తే జారుతుంది, అమ్మగారి చెయ్యి వదలకండి. రోసెన్‌క్రాంట్స్ బురుజు మానేయండి, మెట్లు చాలా ఇరుకు. గాలికి గొడుగు నిలవదు, రెయిన్‌కోట్లు పెట్టుకోండి. ఎయిర్‌పోర్టుకు ట్రామ్ ఉంది, ముప్పావు గంట పడుతుంది.